ఎబోలా తగిలిన మన మనిషిని ఇక్కడికి తెచ్చుకోవాలా, అక్కడే ఉంచాలా?

రాజోలు వైపు నుంచి ఒకావిడ అడిగారు. ఆవిడ మరిది కాంగోలో బోర్లు వేసే కంపెనీలో మెకానిక్కు. అక్కడ ఎబోలా అని టీవీలో విన్నప్పటి నుంచీ ఇంట్లో ఎవరికీ కంటిమీద కునుకు లేదట. "అబ్బాయికి ఆ జబ్బు తగిలితే తీసుకురావడం మంచిదేనా? మా అత్తగారు ఇల్లమ్మయినా తెచ్చుకుందాం అంటున్నారు. మా ఆయన పైకి అనట్లేదు గానీ, ఊళ్ళో ఇంకెవరికైనా అంటుకుంటే ఏ మొహం పెట్టుకుని తిరుగుతాం అని లోలోపల నలిగిపోతున్నారు." ఇదీ ప్రశ్న.

జవాబు ముందు చెప్పేస్తాను. తేవాలి. కానీ ఇంటికి కాదు, ఊరికి కాదు, మన జిల్లా ఆసుపత్రికి కూడా కాదు. ఇలాంటి జబ్బు కోసమే ఏళ్ళ ముందు నుంచి సిద్ధం చేసుకున్న వార్డుకి తేవాలి. అదీ జబ్బు తొలిరోజుల్లో, మనిషి ప్రయాణానికి తట్టుకునేలా ఉన్నప్పుడు. అలాంటి వార్డు లేకపోతేనో, రోజులు మించిపోతేనో అక్కడే ఉంచి, వైద్యాన్నే అక్కడికి పంపాలి. మీ అత్తగారిదీ తప్పు కాదు, మీ ఆయన భయమూ తప్పు కాదు. ఇద్దరూ వేరువేరు ప్రశ్నలకు జవాబు చెబుతున్నారు, అంతే.

నేను ప్రభుత్వ వైద్యుడిగా ముప్పై ఏళ్ళ పైచిలుకు గోదావరి జిల్లాల్లోనే పనిచేసి రిటైరయ్యాను. ఎబోలా రోగిని కళ్ళతో చూడలేదు, ఆ మాట ముందే ఒప్పుకుంటున్నాను. వరదల తరవాతి వాంతులు విరేచనాలు, మందులకు లొంగని క్షయ, చివర్లో కోవిడ్ వార్డు, వీటిలో నానాను. అంటురోగం వార్డులో తప్పు ఎక్కడ జరుగుతుందో మాత్రం తెలుసు.

జబ్బు స్వభావం రెండు ముక్కల్లో. ఎబోలా కోవిడ్‌లా గాలిలో తేలుతూ వచ్చేది కాదు. రోగి రక్తం, వాంతి, విరేచనం, చెమట, ఏదో ఒక తడి మన కంట్లోకో నోట్లోకో చర్మం మీది గీతలోకో పోవాలి. వైరస్ ఒంట్లో చేరాక 2 నుంచి 21 రోజుల లోపు జ్వరం వస్తుంది. జ్వరం రాకముందు ఆ మనిషి పక్కన కూచుని ఒకే కంచంలో తిన్నా అంటుకోదు. వచ్చాక కూడా తొలి రెండు మూడు రోజులు వైరస్ తక్కువే ఉంటుంది. రోజులు గడిచేకొద్దీ పెరిగి, వాంతులు విరేచనాలు ముదిరేసరికి లెక్కకు అందదు. ప్రాణం పోయాక శవంలో కూడా ఉంటుంది. పశ్చిమాఫ్రికాలో పోయినవాళ్ళకి చివరి స్నానాలు చేయించిన చుట్టాలు ఎంతమందో ఆ వెనకే పోయారు.

ఈ "తేవాలా వద్దా" అనే తగువు 2014లో అమెరికాలో జరిగింది. పశ్చిమాఫ్రికాలోని లైబీరియాలో వైద్యం చేస్తూ జబ్బు పడ్డ కెంట్ బ్రాంట్లీ అనే డాక్టరుని ఆగస్టు 2న అట్లాంటాలోని ఎమరీ ఆసుపత్రికి విమానంలో తెచ్చారు. విమానం లోపల ప్లాస్టిక్ డేరా లాంటిది కట్టి, అందులో ఒక్క రోగిని పడుకోబెడతారు. దేశమంతా గోల, "ఎందుకు తెస్తున్నారు, మమ్మల్నందర్నీ చంపడానికా" అని. ఆయన అంబులెన్సు దిగి, ఒకరు చెయ్యి పట్టుకుంటే నడిచి లోపలికెళ్ళాడు. అదే నెల 21న ఇంటికెళ్ళాడు. ఆ వార్డులో మొత్తం నలుగురికి వైద్యం చేశారు. నలుగురూ బతికారు. వైద్యం చేసినవాళ్ళలో ఒక్కరికీ అంటలేదు.

ఆ వార్డు ఆ ఆగస్టులో పుట్టలేదండి. పన్నెండేళ్ళ ముందే కట్టి పెట్టుకున్నది. నర్సులు ఒళ్ళంతా కప్పే రక్షణ తొడుగు (పీపీఈ) వేసుకోవడం, విప్పడం ఏళ్ళ తరబడి సాధన చేసినవాళ్ళు. రక్తపరీక్షలకి వార్డు పక్కనే చిన్న ల్యాబు. అంత సిద్ధంగా ఉన్నవాళ్ళకీ ఎక్కడ ఇరుకు వచ్చిందో తెలుసా? చెత్త దగ్గర. ఒక దశలో రోజుకి 40 సంచుల ఆసుపత్రి చెత్త వచ్చింది. తీసుకెళ్ళే కాంట్రాక్టరు మొదట మేం ముట్టుకోం అన్నాడు. సంచులు పేరుకుపోతుంటే, మనుషుల్ని కొట్టుకి పంపి మూతలున్న పెద్ద పెద్ద డబ్బాలు కొనుక్కొచ్చారు. నాకు ఇది చదివినప్పుడు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. కోవిడ్‌లో మేం పనిచేసిన చోట పసుపు సంచులు వెనక వరండాలో గోడెత్తున పేరుకుంటే, బండి రెండ్రోజులకోసారి వచ్చేది. మధ్యలో కుక్కలు.

ఇప్పుడు రెండో కథ. అదే ఏడాది సెప్టెంబరులో లైబీరియా నుంచి ఒకాయన మామూలు ప్రయాణికుడిగా డల్లాస్ వచ్చాడు. ఎక్కేటప్పుడు జ్వరం లేదు. 25న జ్వరంతో ఆసుపత్రికి వెళ్ళాడు, ఆఫ్రికా నుంచి వచ్చానని చెప్పాడు కూడా. ఆ మాట ఎవరి చెవికీ ఎక్కలేదు. యాంటీబయాటిక్ ఇచ్చి పంపేశారు. 28న అంబులెన్సులో మళ్ళీ వచ్చాడు, అక్టోబరు 8న పోయాడు. ఆయనకి సేవ చేసిన ఇద్దరు నర్సులకి జబ్బు తగిలింది. ఇద్దరూ తరవాత కోలుకున్నారు.

ఇందులో సామాన్యులు గమనించనిది ఒకటుంది. ఆయన జ్వరంతో ఇంట్లో ఉన్న రోజుల్లో అదే ఇంట్లో ఉన్నవాళ్ళకి రాలేదు. ఆయన్ని ఎక్కడెక్కడో కలిసినవాళ్ళని 48 మందిని 21 రోజులు కనిపెట్టి చూశారు, ఒక్కరికీ రాలేదు. వచ్చింది ముదిరిన రోజుల్లో దగ్గరుండి చూసిన నర్సులకి. అంటే మీ ఆయన భయపడుతున్న ఊరికన్నా ముందు ప్రమాదం ఎవరికి? వార్డులో గిన్నె పట్టుకుని నిలబడే పిల్లకి. 2018లో కేరళలో నిపా అనే వైరస్ జబ్బు వచ్చినప్పుడు పోయిన నర్సు లిని కథా అంతే. ఆమె సేవ చేసిన రోగికి ఉన్నది నిపా అని అప్పటికి ఎవరికీ తెలియదు.

తెలిసి, పిలిచి, తెచ్చుకున్న రోగి వల్ల వచ్చే ముప్పు చిన్నది. తెలియకుండా వచ్చి ఓపీ వరసలో కూచున్న రోగి వల్ల వచ్చేదే పెద్దది. నా జవాబంతా ఈ ఒక్క మాట మీదే నిలబడి ఉంది.

అయితే తెలిసి తెచ్చుకున్నా చెడ్డ సందర్భం ఉంది, అది దాచకూడదు. స్పెయిన్ వాళ్ళు అదే 2014లో ఇద్దరు క్రైస్తవ మిషనరీలని మాడ్రిడ్‌కి తెచ్చుకున్నారు. ఇద్దరూ పెద్దవయసు వాళ్ళు, ఇద్దరూ ముదిరాకే వచ్చారు, వచ్చిన కొద్ది రోజుల్లోనే పోయారు. రెండో ఆయనకి సేవ చేసిన నర్సింగ్ సహాయకురాలికి జబ్బు తగిలింది. ఆఫ్రికా బయట ఒకరి నుంచి ఒకరికి అంటడం ఆ విడతలో అదే మొదలు. తొడుగు విప్పేటప్పుడు చేతి తొడుగు మొహానికి తగిలి ఉంటుందని ఆవిడే చెప్పింది. ఆవిడ బతికింది. ఆవిడ కుక్కని మాత్రం అధికారులు చంపేశారు, ఊరు ఊరంతా వద్దని మొత్తుకున్నా.

ఈ తొడుగు విప్పడం అంటే ఏమిటో దగ్గర్నుంచి చూపిస్తాను. 2020లో మా వార్డు నర్సు పిల్లలకి నేర్పడానికి బయటి నుంచి ఎవరూ రాలేదు. నేనో ఉపాయం చేశాను. చిక్కటి పసుపునీళ్ళు కలిపి, తొడుగులేసుకుని నిలబడ్డ నర్సుల మీద గుప్పిళ్ళతో చల్లాను, అది వైరస్ అనుకోమని. తరవాత నేర్పిన వరస ప్రకారం విప్పమన్నాను. ముందు పై చేతితొడుగు, తరవాత గౌను లోపలివైపు బయటికి మడుచుకుంటూ, కళ్ళద్దాలు వెనక పట్టీ పట్టుకుని, చివర్న మాస్కు, ప్రతి మెట్టుకీ మధ్య చేతులు కడుక్కోవడం. అంతా అయ్యాక "నా ఒంటిమీద ఏం లేదు సార్" అని నవ్వారు. అప్పుడు సున్నపు తేట తీసుకుని, దూది ముంచి, ఒక్కొక్కరి మెడ, గడ్డం కింద, మణికట్టు తుడిచాను. పసుపూ సున్నమూ కలిస్తే ఏమవుతుందో మనిళ్ళల్లో చెప్పక్కర్లేదు కదా. పన్నెండు మందిలో తొమ్మిది మందికి దూది ఎర్రబడింది, హారతి నీళ్ళలాగా. ఎక్కువ మందికి మణికట్టు లోపలి వైపు, చేతి తొడుగు అంచు జారిన చోట. ఒక పిల్లకి చెవి వెనక. ఆ పిల్ల అరగంట మాట్లాడలేదు.

మరో వారం రోజులు పొద్దునా సాయంత్రం ఇదే ఆట ఆడించాం. విప్పేటప్పుడు ఎదురుగా ఒకరు నిలబడి వరస చదవాలి, మధ్యలో తొందరపడితే "ఆగు" అనాలి. వారానికి దూది తెల్లగా రావడం మొదలైంది. అది కోవిడ్ కోసం, బాగా రావడానికి వారం పట్టింది. రోజుకి లీటర్ల కొద్దీ వాంతులూ విరేచనాలూ అయ్యే రోగి దగ్గర, ముప్పై అయిదు డిగ్రీల ఉక్కలో, కళ్ళద్దాల మీద ఆవిరి పట్టేసి ఏమీ కనపడని వేళ ఇదే పని చెయ్యాలంటే వారం చాలదు. జిల్లా ఆసుపత్రికి వద్దు అన్నది అందుకే. మన డాక్టర్లు తక్కువవాళ్ళని కాదు. ఏడాదికోసారి కూడా రాని జబ్బు కోసం ప్రతి నెలా సాధన చేసే వార్డు, ప్రమాదకర వైరస్‌లని తట్టుకునే ల్యాబుకి దగ్గరలో, దేశం మొత్తానికి రెండో మూడో ఉంటే చాలు. అలాంటి పైస్థాయి ల్యాబు మనకి పుణేలో జాతీయ వైరాలజీ సంస్థలో ఉంది. ప్రతి జిల్లాలో ఒక గదికి బోర్డు పెట్టి రిబ్బను కత్తిరిస్తే జరిగేది డల్లాసే.

ఇంతకీ తీసుకొస్తే రోగికి లాభమేమిటి? 2014-16 మధ్య పశ్చిమాఫ్రికాలో 28,600 మందికి పైగా జబ్బు పడితే 11,300 మందికి పైగా పోయారు. అమెరికా, ఐరోపాల్లో వైద్యం పొందిన 27 మందిలో పోయింది 5గురు. అప్పటికి ఖాయమైన మందేమీ లేదు. తేడా అంతా నర్సింగులో ఉంది, గంటగంటకీ పొటాషియం ఎంత, సోడియం ఎంత అని చూసి నింపడంలో ఉంది. మన డయేరియా వైద్యమే, పెద్ద ఎత్తున. ఇప్పుడైతే కాంగోలో ఎక్కువగా వచ్చే జైర్ రకానికి 2020లో ఆమోదం పొందిన రెండు యాంటీబాడీ మందులున్నాయి, దానికన్నా ముందు నుంచే టీకా ఉంది. ఉగాండాలో 2022లో వచ్చిన సూడాన్ రకానికి ఆ మందులు పనిచేయవు. అందుకని మీవాడు ఏ దేశంలో ఉన్నాడన్న దానికన్నా, వచ్చింది ఏ రకం అన్నది ముందు అడగాలి. జైర్ రకమై, అక్కడి చికిత్స కేంద్రంలో ఆ మందు చేతికందుతుంటే, తొలిరోజే అక్కడ ఎక్కించుకోవడం నాలుగు రోజులు విమానం కోసం ఎదురుచూడటం కన్నా నయం.

ఈ మాట నాకు పుస్తకాల్లో దొరకలేదు. 1986 ఆగస్టు వరద. నేను అప్పుడు హౌస్ సర్జన్ని. నీళ్ళు తీశాక లంకల్లో వాంతులు విరేచనాలు. కోటిపల్లి రేవు నుంచి పడవ మీద వెళ్ళి, రోగుల్ని ఎక్కించుకుని ఇవతలికి తేవడం మా పని. మొదటి రోజు ఇద్దర్ని తెస్తుంటే ఏటి మధ్యలో ఒక పెద్దాయన ప్రాణం పోయింది. ఎదురు ప్రవాహం, గంటన్నర పట్టింది. ఆయన కొడుకు తండ్రి తల ఒళ్ళో పెట్టుకుని "ఆయ్, రేవొచ్చేసింది నాన్నా" అంటూనే ఉన్నాడు. సాయంత్రం మా పెద్ద డాక్టరు గారు తిట్టారు. "మనుషుల్ని ఎందుకు దాటిస్తున్నారయ్యా, సీసాలు దాటించండి!" మర్నాటి నుంచి సెలైన్ సీసాలు గంపల్లో పెట్టుకుని లంకకే వెళ్ళాం. కొబ్బరిచెట్లకి మేకులు కొట్టి సీసాలు వేలాడదీశాం, కింద ఈతాకుల చాపలు. అక్కడ ఆ తరవాత నా చేతుల్లో ఎవరూ పోలేదు. అమెరికా వాళ్ళు 2014 నవంబరులో సియెర్రా లియోన్ నుంచి నెబ్రాస్కాకి ఒక సర్జన్ని బాగా ముదిరాక తెచ్చారు. రెండ్రోజులు బతకలేదు. అది చదివినప్పుడు నాకు గుర్తొచ్చింది ఆ పడవే.

మరి ఎప్పుడూ సీసాలే దాటిస్తే పోలా, మనుషుల్ని తేవడం ఎందుకు అంటారేమో. రెండు కారణాలున్నాయి.

ఒకటి, సీసాలు పట్టుకుని వెళ్ళే మనుషులు కావాలి. జబ్బు పడితే మీ గతి మీదే అని చెబితే ఏ డాక్టరు వెళతాడు? సియెర్రా లియోన్‌లో వైద్యానికి ముందు నిలబడ్డ షేక్ ఉమర్ ఖాన్ అనే డాక్టరు 2014 జులై 29న అక్కడే పోయాడు. నాలుగు రోజులకి బ్రాంట్లీ అట్లాంటాలో దిగాడు. ఏ పాస్‌పోర్టు ఉన్నవాడికి విమానం వస్తుందో అందరూ చూశారు. ఆ అన్యాయం సంగతి వేరే రాయాలి, ఇక్కడ చోటు చాలదు.

రెండోది నాకు ఇంకా ముఖ్యం. రానివ్వం అంటే జనం రావడం మానరు, చెప్పడం మానతారు. 2020 మార్చిలో మస్కట్ నుంచి వచ్చిన ఒకతను నా దగ్గరికి అయిదో రోజున వచ్చాడు. విమానమెక్కే ముందు నుంచీ ఆరుగంటలకోసారి జ్వరం బిళ్ళ వేసుకుంటూ వచ్చాడట, ఎయిర్‌పోర్టులో వేడి చూస్తారని. "చెబితే దించేస్తారన్నారు సార్. ఇంటికెళితే చాలనుకున్నాను." ఆ అయిదు రోజుల్లో ఒక పెళ్ళికీ, రెండు షాపులకీ వెళ్ళాడు. అతన్ని తిట్టాను. తరవాత వాళ్ళ ఊరికి వెళితే, ఏటిగట్టు దిగే దారికి అడ్డంగా తాటిదుంగ, దానిమీద ముళ్ళకంప. "బయటివాళ్ళు రారాదు" అని అట్టముక్క. నిజం చెప్పమని అతన్ని ఏ మొహం పెట్టుకుని అడిగానా అనిపించింది.

అదే ఏడాది వూహాన్ నుంచి మనవాళ్ళని తెచ్చిన పద్ధతి చూడండి. ఫిబ్రవరి మొదట్లో రెండు ఎయిరిండియా విమానాల్లో ఆరొందల మందికి పైగా వచ్చారు. ఇళ్ళకి పంపకుండా ఢిల్లీ దగ్గరి మానేసర్, ఛావ్లా శిబిరాల్లో పెట్టి, పరీక్షలు చేసి వదిలారు. మన రాష్ట్రం అమ్మాయి ఒకామెకి కాస్త జ్వరం ఉందని ఆ విమానాలు ఎక్కనివ్వలేదు, ఫిబ్రవరి చివర్లో వాయుసేన విమానంలో వచ్చింది. ఇరాన్‌కైతే పరీక్షలు చేసే మన శాస్త్రవేత్తల్నే ముందు పంపి, నెగెటివ్ వచ్చినవాళ్ళని తెచ్చారు. ఆ తరవాత మన వాయుసేన ఆర్పిత్ అని అంటురోగిని మూసి తెచ్చే పెట్టె కూడా సొంతంగా తయారుచేసుకుంది. 2014 నవంబరులో లైబీరియా నుంచి ఎబోలా తగ్గి వచ్చిన 26 ఏళ్ళ కుర్రాణ్ణి ఢిల్లీ ఎయిర్‌పోర్టులోనే ఆపారు. రక్తంలో లేదు, వీర్యంలో వైరస్ మిగిలుంది. అది పోయేదాకా విడిగా ఉంచారు. అతను తన జబ్బు సంగతి దాచలేదు, తగ్గిందన్న కాగితం చేత్తో పట్టుకొచ్చాడు. అందుకే దొరికింది.

ఇక మీరు చెయ్యాల్సినవి, అమ్మా. మీ మరిదికి ఇప్పుడు జబ్బు లేదు, అది గుర్తుంచుకోండి. ఫోను చేసినప్పుడు కంపెనీ ఇన్సూరెన్సు కాగితం ఫోటో పంపమనండి. అత్యవసర తరలింపు అని రాసి ఉన్న చాలా పాలసీల్లో అంటురోగాలకి వర్తించదని సన్నక్షరాల్లో ఉంటుంది. అది చూసి, లేకపోతే ఇప్పుడే కంపెనీని అడగమనండి. అక్కడి మన రాయబార కార్యాలయంలో పేరు నమోదు చేయించుకోమనండి. పని చేసే చోటు జబ్బున్న ప్రాంతమైతే టీకా ఇస్తున్నారేమో కనుక్కోమనండి. చావులకీ, శవాల దగ్గరికీ వెళ్ళొద్దనండి, ఎంత స్నేహితుడైనా. అడవి జంతువుల మాంసం ముట్టుకోవద్దనండి. జ్వరం వస్తే మలేరియా అనుకుని సొంతవైద్యం చేసుకోకుండా అదే రోజు చికిత్స కేంద్రానికి వెళ్ళి, ఎవరెవర్ని కలిశాడో ఉన్నదున్నట్టు చెప్పమనండి. మీ ఇంట్లో ఎవరూ "ఎలాగోలా విమానమెక్కేసెయ్" అని మాత్రం అనకండి. మీ అత్తగారికి ఇది మీరే చెప్పాలి, మీ ఆయన వల్ల కాదు.

జ్వరం లేకుండా సెలవుకి మామూలుగా వస్తే, దిగగానే ఎయిర్‌పోర్టు ఆరోగ్య అధికారులకి ఎక్కడి నుంచి వచ్చాడో చెప్పాలి. అక్కణ్ణుంచి బయల్దేరిన రోజు మొదలు 21 రోజులు పొద్దునా సాయంత్రం జ్వరం చూసుకుని క్యాలెండరు మీద రాసుకోవాలి. ఆ రోజుల్లో జ్వరం వస్తే ఆర్ఎంపీ దగ్గరికి పరిగెత్తొద్దు, ఆటో ఎక్కొద్దు, గదిలోనే ఉండి 108కి ఫోన్ చేసి ముందు "కాంగో నుంచి వచ్చాను" అన్న మాట చెప్పాలి. జ్వరం లేనన్ని రోజులూ అందరితో కలిసి భోంచెయ్యొచ్చు. మీ అత్తగారు చేసే పులస పులుసు అతనికి వేరే గిన్నెలో పెట్టక్కర్లేదు.